పొగగొట్టం పాలవుతున్న చలువ

విశాఖ చేపల రేవు నుంచి వేటకు బయలుదేరే ప్రతి మరబోటుకూ రెండు సరుకులు తప్పనిసరి. ఒకటి డీజిలు, రెండోది ఐసు. రెండూ డబ్బు పోసి కొనవలసినవే. సముద్రం మీద రోజులు గడిచేకొద్దీ ఐసు కరుగుతుంది. చేప మెత్తబడితే ఒడ్డున ధర పడిపోతుంది. ఆ నష్టం బోటు యజమానికే కాదు, వాటా మీద బతికే తీర గ్రామాల కలాసీలకూ తగులుతుంది.

విచారకరమైన విషయమేమంటే, కొన్న డీజిలులో సుమారు మూడోవంతే బోటును నడిపే పనికి వస్తోంది. మిగిలిందంతా వేడిగా మారి పొగగొట్టం గుండా గాలిలోకి, ఇంజనును చల్లబరిచే నీటి ద్వారా సముద్రంలోకి పోతోంది.

పెద్ద ఓడలు ఈ వేడిని ఊరికే వదలవు. పొగ వెళ్లే దారిలో బాయిలరు అమర్చి ఆవిరి తీస్తారు. ఆ ఆవిరితో చిక్కటి ఇంధన నూనెను పలుచన చేస్తారు, గదులకు వెచ్చదనం ఇస్తారు. ఇంజను చుట్టూ తిరిగి సుమారు 80 డిగ్రీలకు కాగిన నీటితో సముద్రపు నీటిని ఆవిరి చేసి మంచినీరు తీస్తారు. మన ఇళ్లలో పెద్ద పొయ్యి మంటతోనే పక్క పొయ్యి మీద నీళ్లు కాచుకోవడం వంటిదే ఇది.

వేడితో చలువ పుట్టించడం వింతగా తోచవచ్చు. కాని ఫ్రాన్సు దేశస్థుడు ఫెర్డినాండ్ కారే 1859లోనే అటువంటి యంత్రం రూపొందించాడు. నీటిలో కలిసిన అమ్మోనియాను వేడిచేస్తే వాయువుగా విడిపోతుంది. దానిని ద్రవంగా మార్చి తిరిగి ఆవిరి కానిస్తే చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది. ఆ తరువాత మళ్లీ నీటిలో కలుస్తుంది.

ఇబ్బందులు లేవని కాదు. యంత్రం చోటు ఆక్రమిస్తుంది. అలల కుదుపునకు తట్టుకోవాలి. పొగ దారి ఇరుకైతే ఇంజను మీద భారం పడుతుంది. అమ్మోనియా లీకైతే ప్రాణాపాయం. కాబట్టి మత్స్యకారుడే సొంత ఖర్చుతో ప్రయోగం చేయాలనడం న్యాయం కాదు.

విశాఖలో కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ పరిశోధన కేంద్రం ఉంది. ఓడలు కట్టే హిందుస్థాన్ షిప్‌యార్డు ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం వల్ల మరబోట్లు రేవులోనే ఉంటాయి. ఆ సమయంలో ప్రభుత్వ ఖర్చుతో ఒకటి రెండు బోట్లకు ఈ ఏర్పాటు చేసి, వేట మొదలయ్యాక పరీక్షించాలి. ఐసు మొత్తాన్ని బోటులోనే తయారు చేయనక్కరలేదు. తీసుకెళ్లిన ఐసు త్వరగా కరగకుండా చేపల గదిని చల్లగా ఉంచగలిగినా మేలే. వచ్చిన ఫలితం ఏదైనా, ఖర్చు లెక్కలతో సహా మత్స్యకారుల ముందు పెట్టాలి. మత్స్యశాఖ అధికారులు ఈ విషయంపై దృష్టి సారించవలసిన అవసరం ఎంతైనా ఉంది.