మనిషిని పిలిస్తే పోలా?

కుళాయి కారుతోందంటే మన మధ్యతరగతి ఇళ్ళలో ముందుగా వినిపించే మాట: 'మనిషిని పిలిస్తే పోలా?' అందులో నిశ్చింత ఉంది, కాస్త దర్జా కూడా ఉంది. మన దగ్గర పనివాళ్ళకు కరువు లేదు, కూలి అమెరికాలోలాగా వాచిపోదు, ఎవరి పని వాళ్ళు చేస్తేనే అందం అన్నది స్థిరపడిపోయిన అభిప్రాయం. ఎంతగా స్థిరపడిందంటే, కొన్నవాడే ఇంటికి తెచ్చుకుని బిగించుకోవాలన్న పద్ధతి మీద ప్రపంచమంతా వ్యాపారం పెంచుకున్న ఫర్నిచర్ సంస్థ ఐకియా కూడా 2018 ఆగస్టులో దేశంలో తన తొలి దుకాణాన్ని హైదరాబాద్‌లో తెరిచినప్పుడు, సామాను బిగించిపెట్టే మనుషుల కోసం, పనివాళ్ళను కుదిర్చే సంస్థ అర్బన్‌క్లాప్‌తో ఒప్పందం చేసుకుంది. అదే హైదరాబాద్ నుంచి డాలస్ వెళ్ళిన మనవాడు అక్కడ నేల మీద చతికిలబడి, కాగితంలో బొమ్మలు చూసుకుంటూ తన బల్ల తానే బిగించుకుంటాడు. ఆ చేతులు ఇక్కడివే. మారిందల్లా కూలి రేటే. కనుక మనకు చేతకాదన్నది సాకు మాత్రమే. మనకు అవసరం లేదన్నదే అసలు వాదన. ఆ వాదన నిలవదని నా అభిప్రాయం.

చవక అన్న మాటనే తీసుకుందాం. సీలింగ్ ఫ్యాను రెగ్యులేటర్ ఐదు మీద పెట్టినా ఈసురోమంటూ తిరుగుతోంది. చాలాసార్లు దీనికి కారణం కెపాసిటర్ నీరసించడమే. ఫ్యాను రాడ్డు దగ్గరి మూత కింద దాగి ఉండే చిన్న డబ్బా అది, మామూలు ఫ్యాన్లకు దాని మీద 2.5 మైక్రోఫారాడ్ అని రాసి ఉంటుంది. ఎలక్ట్రికల్ షాపులో వంద రూపాయల లోపే దొరుకుతుంది. ఈ ముక్క తెలియని ఇంటాయనతో ఎలక్ట్రీషియన్ 'వైండింగ్ పోయింది సార్, కొత్తది తీసుకోండి' అంటే, కాదనడానికి ఆయన దగ్గర ఏ ఆధారమూ ఉండదు. వైండింగ్ కాలితే మాడు వాసన వస్తుంది, ఫ్యాను బాగా వేడెక్కుతుంది అని తెలిసి ఉంటే కనీసం ఒక ప్రశ్న అడిగేవాడు. చెప్పినవాడు మోసగాడనడం లేదు. అతనికి ఇంకా పదిళ్ళు తిరగాల్సి ఉంది, కూర్చుని తేల్చే తీరిక లేదు, మొత్తం మార్చేయడమే అతనికి సుళువు. మనం బేరమంతా కూలి మీద ఆడతాం. నష్టపోయేది మాత్రం జబ్బేమిటో తెలియని చోట.

గోడకు నెమ్ము ఎక్కినప్పుడు ఈ నష్టం ఏళ్ళ తరబడి సాగుతుంది. పుట్టీ పొక్కులు లేచి పొడిగా రాలుతుంది, పండగ ముందు పెయింటరొచ్చి గీకి మళ్ళీ పుట్టీ పెట్టి రంగేస్తాడు, వచ్చే ఏడు మళ్ళీ అదే తంతు. నీళ్ళు ఎటు నుంచి వస్తున్నాయో ఆయన్ని ఎవరూ అడగలేదు, ఆయన చూడలేదు. ఆ మాటకొస్తే అది ఆయన పనీ కాదు. నిజానికి దీన్ని కనిపెట్టడానికి పనిముట్టు అక్కర్లేదు. ఓపిక చాలు. వానల్లోనే తడి కనిపించి ఎండాకాలం ఆరిపోతే స్లాబులోనో బయటి గోడలోనో పగులుందని అనుమానించాలి. కాలంతో నిమిత్తం లేకుండా బాత్రూమ్ పక్క గోడే తడుస్తుంటే టైల్స్ సందుల్లో వేసిన సిమెంటు ఊడిందేమో చూడాలి. రాత్రి కుళాయిలన్నీ కట్టేసి, మోటారు వేయకుండా, ట్యాంకులో నీటిమట్టం గుర్తు పెట్టుకుంటే తెల్లారేసరికి అది తగ్గిందో లేదో తెలుస్తుంది. తగ్గితే ఎక్కడో లైను కారుతోందన్నమాట. నన్నడిగితే ఇంటి మరమ్మతు నేర్చుకోవడమంటే ముందు ఇదే. చెయ్యి పెట్టడం తర్వాత సంగతి.

ఇక బలమైన అభ్యంతరం ప్రమాదం. నీళ్ళపని సరే, కరెంటుతో చెలగాటమా అంటారు. జాతీయ నేర గణాంక సంస్థ లెక్కల ప్రకారం ఈ దేశంలో కరెంటు షాకుతో పోయేవాళ్ళు ఏటా పదివేలకు పైనే. ఈ భయాన్ని కొట్టిపారేయలేం. కానీ అది ఏ వైపు వాదనకు బలమిస్తుందో చూడండి. బట్టలు ఆరేయబోయి, దండెం తీగకు పాకిన కరెంటుతో చనిపోయినవాళ్ళ వార్తలు ప్రతి వర్షాకాలం పత్రికల్లో వస్తూనే ఉంటాయి. వాళ్ళు మరమ్మతు చేయబోయి పోయినవాళ్ళు కారు. మెయిన్ బోర్డులోని ఎంసీబీ కాపాడేది వైరును, కరెంటు లీకైతే లైను తెంచేసి మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అన్న తేడా ఎన్ని ఇళ్ళలో తెలుసు? దాని మీద 'టి' అని ఒక బటన్ ఉంటుందనీ, అది నొక్కితే మీట టక్కున పడిపోవాలనీ, పడకపోతే ఆ పరికరం ఉన్నా లేనట్టేననీ తెలిసినవాళ్ళు ఎందరు? మెయిన్ ఆపేసినా ఇన్వర్టర్ లైన్లో కరెంటు బతికే ఉంటుంది. స్విచ్చును ఫేజు మీద కాక న్యూట్రల్ మీద పెట్టిన చోట, స్విచ్చు ఆపినా బల్బు హోల్డర్లో కరెంటు ఉంటుంది. ఇవి తెలియకుండా బల్బు మార్చడం కూడా ప్రమాదమే. బల్బు మార్చడానికి ఎలక్ట్రీషియన్‌ను ఎవరూ పిలవరు.

హద్దు ఎక్కడ గీయాలో చట్టమే చెప్పింది. 1956 నాటి భారత విద్యుత్ నియమాల్లో 45వది, వైరింగ్ పనులు లైసెన్సున్న కాంట్రాక్టరే చేయాలంటూనే, ఇంటి వైరింగ్ సామర్థ్యం, స్వభావం మారనంత వరకు బల్బులు, ఫ్యాన్లు, ఫ్యూజులు, స్విచ్చులు మార్చుకోవడాన్ని మినహాయించింది. 2010లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ తెచ్చిన భద్రతా నిబంధనల్లోనూ ఆ మినహాయింపు కొనసాగింది. ఉన్నదాని స్థానంలో అలాంటిదే పెట్టడం గృహస్థు పని, కొత్త లైను లాగడం, లోడు పెంచడం, ఎర్తింగ్ వేయడం లైసెన్సుదారు పని. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఇంతకంటే మంచి గీత మరొకటి కనబడదు. వీడియోలో అయిదు నిమిషాల్లో అయిపోయిందని గీజరు విప్పేవాళ్ళను నేనూ సమర్థించను.

పనివాళ్ళ పొట్ట కొట్టినట్టు కాదా అన్నది మరో అభ్యంతరం. వినడానికి దయగానే ఉంటుంది. అయితే పాతరకం కుళాయిలో అరిగిన వాషర్ ఒక్కటి మార్చడానికి ఏ ప్లంబరూ ఉత్సాహంగా రాడు. రానూపోనూ ఖర్చే గిట్టదు. 'రేపొస్తా' అంటాడు. వారమంతా కింద బకెట్ ఉంటుంది. సెకనుకో చుక్క పడితే రోజుకు 86,400 చుక్కలు. ఎంత తక్కువ లెక్కేసినా నాలుగు లీటర్లకు తగ్గదు. అదే వాల్వు కట్టేసి, కుళాయిలో మిగిలిన నీళ్ళు వదిలేసి, స్పానర్‌తో పైభాగం విప్పితే స్పిండిల్ చేతిలోకి వస్తుంది. దాని కొసన నొక్కుకుపోయి, గుండ్రంగా గాడి పడిన రబ్బరు బిళ్ళ కనిపిస్తుంది. అలాంటి బిళ్ళే షాపులో అడిగి తెచ్చి వేస్తే సరి. ప్లంబర్‌కు పోయిన ఆదాయం దాదాపు ఏమీ లేదు. పైగా తుప్పుపట్టిన జీఐ పైపు మర ఒక్కసారి విప్పబోయినవాడికి, విరగకుండా విప్పడంలో ఎంత నేర్పుందో అర్థమవుతుంది. ఆ తర్వాత వచ్చిన పనివాడితో వంద రూపాయల కోసం గీచిగీచి బేరమాడడానికి నోరు రాదు. పని తెలియనివాడికే పని విలువ చవగ్గా కనిపిస్తుంది.

'ఎవరి పని వాళ్ళదే' అన్న మాటకు మన సమాజంలో ఒక చరిత్ర ఉందని కూడా ఒప్పుకోవాలి. వడ్రంగి పని వడ్రంగి కులానిది, కమ్మరి పని కమ్మరి కులానిది, చదువుకున్నవాడు చేతికి మట్టి అంటించుకోకూడదు అన్న పాత కట్టుబాటే ఇప్పుడు 'నా టైమ్ విలువైనది' అన్న రూపంలో వినిపిస్తోంది. 1937లో గాంధీ వార్ధాలో చేతిపని చుట్టూ చదువును అల్లాలన్నారు. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ బడిలో ఉత్పాదక పని ఉండాలంది. 2020 నాటి జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు పదిరోజులు సంచీ లేకుండా వడ్రంగి, కుమ్మరి లాంటివాళ్ళ దగ్గర పని చూడాలంటోంది. ఐఐటీ ఫౌండేషన్ క్లాసుల ముందు ఇవేవీ నిలబడవని అందరికీ తెలుసు. అందుకే ఇది ఇంట్లో జరగాలి. మగపిల్లాడికి స్క్రూడ్రైవరిచ్చి ఆడపిల్లను టార్చి పట్టుకోమనే అలవాటు మానుకుని జరగాలి.

మొదలుపెట్టేవాళ్ళు డ్రిల్లింగ్ మిషను కొనక్కర్లేదు. నీళ్ళు ఎక్కడ కట్టేయాలో, కరెంటు ఎక్కడ ఆపాలో, ఇన్వర్టర్ స్విచ్చు ఏదో ముందు ఇంటిల్లిపాదీ తెలుసుకోండి. ఆర్‌సీసీబీ మీది 'టి' బటన్ నొక్కి చూడండి. మీట పడకపోతే, అసలు ఆర్‌సీసీబీయే లేకపోతే, ఆ రోజే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఆయన పని చేస్తున్నంతసేపూ టీవీ ముందు కూర్చోకుండా పక్కన నిలబడి, ఏది ఎందుకు చేస్తున్నాడో అడగండి.