తాతల నాటి మెడల్‌ను తూకానికి అమ్మవద్దు

వెండి ధర పెరిగినప్పుడల్లా ఇళ్ళలోని పాత కడియాలు, పట్టీలు అవుసల దుకాణానికి చేరుతాయి. వాటి మధ్య రాజు తల వున్న గుండ్రటి బిళ్ళ ఒకటి వుండవచ్చు. దొరల కాలం నాటిది మనకెందుకని దానినీ తూకానికి ఇచ్చేస్తారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల వారికి ఒక మనవి: ఇచ్చే ముందు దాని అంచు చదివించండి.

మొదటి ప్రపంచ యుద్ధానికి ఇచ్చిన బ్రిటిష్ వార్ మెడల్ సిపాయిలకు వెండిది. ఒక వైపు ఐదవ జార్జి తల, రెండో వైపు గుర్రం మీద మనిషి వుంటాయి. అంచు మీద సిపాయి నంబరు, పేరు, పటాలం ఇంగ్లీషులో కొట్టి వుంటాయి. కరిగిస్తే నాలుగు డబ్బులు వస్తాయి గాని, ఆ పేరు మళ్ళీ రాదు.

అప్పుడు మన ప్రాంతం నిజాం రాజ్యంలో వుండేది. హైదరాబాద్ లాన్సర్ల గుర్రపు దళం 1914లోనే ఈజిప్టుకు వెళ్ళి సూయజ్ కాలువకు కాపలా కాసింది. తరువాత పాలస్తీనా వెళ్ళింది. ఢిల్లీ తీన్‌మూర్తి స్మారకంలోని మూడు విగ్రహాలలో ఒకటి హైదరాబాద్ దళానికి గుర్తు.

ఏ మెడల్ ఎవరికన్న దానిలో దొరలు తేడా చూపారు. తుపాకి పట్టినవారికి వెండిది ఇచ్చి, అదే యుద్ధంలో రోడ్లు వేసి, బరువులు మోసిన లేబర్ కోర్ కూలీలకు కంచుది ఇచ్చారు. వెండివి 60 లక్షలు దాటగా, కంచువి సుమారు 1,10,000 మాత్రమే. కంచుదే కదా అని పారవేయరాదు.

రెండవ యుద్ధం లెక్క వేరు. సైన్యంలో పూర్తికాలం 28 రోజులు పనిచేస్తే వార్ మెడల్ వచ్చేది. దేశంలోనే మూడేళ్ళు కొలువు చేసినవారికి ఇండియా సర్వీస్ మెడల్ ఇచ్చారు. దాని మీద భారతదేశ పటం వుంటుంది. దీనికి సంస్థానాల సైనికులు కూడా అర్హులే. 1941 డిసెంబరులో జపాన్ సేనలు మలయాలోని కోటబారులో దిగినప్పుడు, అక్కడి విమానాశ్రయం కాపలాలో నిజాం పటాలం వుంది. మలయాలో పోరాడినవారికి ఆరు కోణాల పసిఫిక్ స్టార్.

పేరు చూసి పొరబడవద్దు. 19వ హైదరాబాద్ రెజిమెంట్ నిజాం సైన్యం కాదు, బ్రిటిష్ ఇండియా సైన్యంలోది. 1945లో అది కుమావూన్ రెజిమెంట్ అయింది.

పరాయి రాజు యుద్ధానికి మనం గౌరవమివ్వడమేమిటని కొందరు అడగవచ్చు. యుద్ధం దొరలదే. కాని సముద్రాలు దాటి పోయినవాడు మనవాడు. కొలువు కోసం పోయినా, కూలి కోసం పోయినా ఆ కష్టం అతనిదే. చాలా ఇళ్ళలో దానికి మిగిలిన సాక్ష్యం ఆ బిళ్ళ ఒక్కటే కావచ్చు.

కనుక మెడల్ వున్నవారు దానిని బడి పంతులుతో చదివించి, పేరు, నంబరు, పటాలం కాగితం మీద రాయించి దాచుకోవాలి. సైనిక సంక్షేమ శాఖ అధికారులు గ్రామ పంచాయతీల ద్వారా ఈ వివరాలు సేకరించి జాబితా తయారు చేయించాలి. పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ఆలస్యమైతే మాత్రం రాసుకోవడానికి పేర్లు మిగలవు.