పరిశోధన వేరు – చికిత్స వేరు

మెదడు ఒకసారి దెబ్బతింటే కోలుకోదన్న భావం వైద్యశాస్త్రంలో చిరకాలం రాజ్యమేలింది. 1960వ దశకంలో జోసెఫ్ ఆల్ట్‌మన్ ఎలుకలపై జరిపిన పరిశోధనలు ఆ భావాన్ని కదిలించాయి. 1992లో రెనాల్డ్స్, వైస్ అనే శాస్త్రజ్ఞులు ఎదిగిన చిట్టెలుక మెదడు నుండి నాడీ మూలకణాలను వేరుచేసి చూపారు. మూలకణమనగా తాను వృద్ధి చెందుతూ, ప్రేరణనుబట్టి నాడీకణంగానో, దానికి అండగా నిలిచే మరొక కణంగానో మారగల కణం.

అయితే ఈ కణాలను ప్రేరేపించే మందును వాటి చెంతకు చేర్చడమెట్లు? ఇదే అసలు సమస్య. విటమిన్ ‘ఎ’ నుండి శరీరం తయారుచేసుకొనే రెటినోయిక్ ఆమ్లానికి మూలకణాన్ని నాడీకణంగా మార్చే శక్తి ఉన్నది. కాని అది నీటిలో సరిగా కరుగదు, త్వరగా నశిస్తుంది, మోతాదు మించితే హాని చేస్తుంది. పైగా మెదడులోని రక్తనాళాల గోడలు కోటగోడలవలె నిలిచి, అనేక ఔషధాలను లోనికి రానీయవు.

ఇక్కడ రసాయనశాస్త్రం చేయూతనిచ్చింది. చిన్న అణువులు గొలుసుగా కూడి ఏర్పడిన పెద్ద అణువే పాలిమర్. పాలిమర్లతో నానో కణాలను రూపొందించి మందును అందులో పొదిగితే, అవి మూలకణంలోనికి ప్రవేశించి దానిని విడుదల చేస్తాయి. నానోమీటరు అనగా మీటరులో వందకోట్లవ వంతు. పోర్చుగల్ పరిశోధకులు 2011, 2012 సంవత్సరాలలో ప్రచురించిన ప్రయోగాలలో రెటినోయిక్ ఆమ్లాన్ని ఈ విధంగానే చిట్టెలుకల మూలకణాలకు అందించారు. విడిగా ఇచ్చే మందుకన్నా చాలా తక్కువ మోతాదుతోనే అవి నాడీకణాలుగా మారసాగాయి.

ఫలితం గొప్పదే, దాని హద్దులూ గుర్తించాలి. బతికున్న చిట్టెలుకలలో ఆ నానో కణాలను సూదితో నేరుగా మెదడు కుహరంలోకి ఎక్కించారు. అవి రక్తంలో పయనించి కోటగోడను దాటినవి కావు. కొత్త నాడీకణం తోటి కణాలతో సంబంధం ఏర్పరచుకొని, పోయిన శక్తిని తిరిగి తేవడం మరొక మెట్టు. మందు మోసిన పాలిమర్ సంగతీ ఆలోచించవలసిందే. శస్త్రచికిత్సలో కరిగిపోయే కుట్లకు వాడే పాలిమర్లు శరీరంలోనే విచ్ఛిన్నమవుతాయి. ఆ ప్రయోగాలలో వాడిన పాలిఎథిలీనిమైన్ వంటివి మోతాదు పెరిగితే కణాలకే విషమవుతాయి.

ఇట్టి పరిశోధనకు ప్రోత్సాహం లభించాలి. కాని దాని పేరు చెప్పి నేడే వైద్యం అమ్మడం అన్యాయమని నా నిశ్చితాభిప్రాయం. భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ శాఖ 2017లో వెలువరించిన మార్గదర్శక సూత్రాలు కూడా, ఆమోదం పొందిన రక్తమూలకణ మార్పిడి మినహా తక్కిన మూలకణ ప్రయోగాలను చికిత్సగా అందించరాదని హెచ్చరించాయి. పక్షవాతంతో మంచాన పడ్డ తండ్రి కోసం, నడవలేని బిడ్డ కోసం ఇల్లు తాకట్టు పెట్టడానికైనా సిద్ధపడే కుటుంబానికి ఈ తేడా ఎవరు చెప్పాలి?

విద్యార్థులారా! ఆ బాధ్యత మీది. ఉర్దూలో తహ్కీక్ వేరు, ఇలాజ్ వేరు; తెలుగులో పరిశోధన వేరు, చికిత్స వేరు. రెండు భాషలు విన్న ఈ ప్రాంగణం నుండి వెళ్ళేవారు, తమ ఇరుగుపొరుగుకు వారి భాషలోనే ఈ భేదాన్ని వివరించగలిగితే అంతకంటె సార్థకమైన విద్య మరొకటి ఉండదు. మీలో కొందరు ప్రయోగశాలలో చేరి, ఆ రెండు మాటల నడుమనున్న దూరాన్ని తగ్గించెదరు గాక!