మెస్‌లో ఇవాళ ఏం కూర?

ఈ ప్రశ్న అడగని హాస్టల్ స్టూడెంట్ ఉంటాడా? జవాబు కూడా మనకి ముందే తెలుసు. నీళ్ల సాంబారు, ఆలుగడ్డ కూర. రేపేమో ఆలుగడ్డ కుర్మా. రెండు ముద్దలు తిని, గేటు బయట నూడుల్స్ బండి దగ్గర తేలతాం.

పీజీలో మా రూమ్మేట్ అచ్చం ఇలాగే బతికాడు. ఓ రోజు ఇంటర్నల్స్ రాస్తూ కళ్లు తిరిగి పడిపోయాడు. రక్తపరీక్ష చూసిన డాక్టర్ "ఒంట్లో రక్తం లేదు, ఏం తింటున్నావు బాబూ?" అన్నారు. వాడు నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను.

ఎందుకంటే మాది డివైడింగ్ మెస్. నెల ఖర్చు ఎంతైతే అంత, తిన్నవాళ్లంతా పంచుకోవాలి. సరుకులు తెచ్చేది స్టూడెంట్ కమిటీయే. ఆ నెల మెస్ సెక్రటరీని నేనే!

మర్నాడు పొద్దున్నే రైతుబజారుకు పోయాను. మధ్యలో దళారీ లేకుండా రైతే నేరుగా అమ్ముకోవాలని 1999లో మొదలైన బజార్లు ఇవి. తోటకూర అమ్ముతున్న ఓ పెద్దమ్మ నా లిస్టు చూసి నవ్వింది. "మూడొందల మందికి పది కట్టలేం సరిపోతయ్ బిడ్డా? రోజూ తీస్కుంటనంటే పొలం కాడ్నుంచే ఆటోల పంపిస్త" అంది. ఆమెకు ఎండలో కూర్చునే పని తప్పింది. మాకు పొద్దున కోసిన ఆకుకూర దొరికింది.

ఆ ఊపులో ఓ రాత్రి రాగిసంగటి పెట్టించా. సగం గిన్నె మిగిలిపోయింది. "ఇది హాస్టలా, ఆస్పత్రా?" అని నోటీసు బోర్డు మీద రాశారు. నేనూ వదల్లేదు. ఆదివారం కోడికూరతో పెట్టించాను. మళ్లీ వండాల్సొచ్చింది!

నా పంతానికి కారణముంది. వంద గ్రాముల రాగుల్లో ఐరన్ 4 మిల్లీగ్రాముల పైనే, తెల్లబియ్యంలో ఒక్కటి కూడా ఉండదు. రోజుకు 400 గ్రాముల కూరగాయలు తినమని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. అదెక్కడో ఢిల్లీలో లేదు, మన తార్నాకలోనే ఉంది. మరి మన ప్లేట్లో ఎన్ని గ్రాములు?

యూనివర్సిటీలు ఏం చేయట్లేదని కాదు. అగ్రికల్చర్ వర్సిటీల స్టూడెంట్స్ ఆఖరి ఏడాదిలో 'రావెప్' పేరుతో పల్లెలకు వెళ్లి రైతుల దగ్గర పని నేర్చుకుంటారు. క్యాంపస్‌లలో జంక్‌ఫుడ్ వద్దని యూజీసీ 2018లో సర్క్యులర్ పంపింది. 2023 చిరుధాన్యాల సంవత్సరమని మిల్లెట్ మేళాలూ పెట్టారు. మంచిదే. కానీ మేళా ఒక్కరోజుతో అయిపోతుంది, మెస్‌లో రోజూ తినాలి కదా!

అందుకే ఈసారి మెస్ కమిటీ మీటింగ్ ఉందంటే ఎగ్గొట్టకండి. ఒక్క కూరగాయ, ఒక్క రైతు, ఒక్క నెల. అంతే అడగండి. కాంట్రాక్ట్ మెస్ అయితే నలుగురూ సంతకాలు పెట్టి వార్డెన్ గారికి లెటర్ ఇవ్వండి.

మా బిల్లు తగ్గిందా అంటారా? పెద్దగా తగ్గలేదు. నూడుల్స్ బండికి పెట్టే డబ్బులు మాత్రం మిగిలాయి. ఆ రూమ్మేట్ ఇప్పటికీ ఫోన్ చేస్తే ముందు అడిగేది ఇదే: "సెక్రటరీ గారూ, ఇవాళ ఏం కూర?"