గృహవిజ్ఞానము: మత్తులోనున్న కుక్కకు బాధ యుండదా?

పెంపుడు ఆడుకుక్కకు పిల్లలు కలుగకుండుటకై, చిన్న రంధ్రముల గుండ దుర్బిణీ గొట్టమును దూర్చి చేయు లాపరోస్కోపు శస్త్రచికిత్స నేడు కొన్నిచోట్ల కలదు. ఇట్టి గొట్టముతో కడుపులోపల చూచుటను 1901లో జర్మను వైద్యుడగు కెల్లింగు మొదట చూపినది కుక్కయందే.

మత్తుచే కుక్కకు తెలివి తప్పును. కాని దేహము ఊరకుండదు. బొగ్గుపులుసు గాలితో కడుపు నుబ్బించినపుడు ఊపిరి బరువగును. అండాశయమును లాగునపుడు గుండెవేగమును, రక్తపు పోటును హెచ్చును. నెత్తుటిలో కార్టిసాల్ అను రసము పెరుగును. ఐసోఫ్లురేను వంటి పీల్చు మత్తు నిద్రనిచ్చునే గాని నొప్పి నంతగా నణపదు. నొప్పిమందును ముందే యిచ్చినచో ఈ కలత తగ్గును.

కావున సోదరీమణులారా! “మత్తు నిత్తురా?” అని మాత్రమే కాక, “నొప్పికి ముందుగా నేమి యిత్తురు?” అనియు వైద్యుని నడుగుడు. నోరులేని జీవము పక్షమున నడుగవలసినవారము మనమే గదా!