విమానం దిగే గంట, గుమ్మం చేరే గంట



ఉద్దానంలో ఎన్నో ఇండ్లలో ఒక కుమారుడు గల్ఫులోనో సింగపూరులోనో పనిచేస్తున్నాడు. ఇంటి పెద్ద ప్రభువునందు నిద్రించినప్పుడు అందరూ మమ్మును అడిగే మాట ఒక్కటే: "అయ్యగారూ, బాబు బయలుదేరాడు, సమాధి ఎన్ని గంటలకు పెడదాం?"

పలాస రెండు విమానాశ్రయాల నడుమ ఉన్నది. రైలుదారిన విశాఖ సుమారు 200 కిలోమీటర్లు, భువనేశ్వర్ సుమారు 250. ఆ రెంటి మధ్య దూరాన్ని విమానం గంట, గంటన్నరలో దాటుతుంది. మన బిడ్డకు మాత్రం ఆ రెంటిలో ఎక్కడ దిగినా నాలుగైదు గంటల నేలదారి తప్పదు. దానికి ముందు పాస్‌పోర్టు తనిఖీ, సామాను కోసం ఎదురుచూపు ఉంటాయి.

టిక్కెట్టులో ఊరి పేరుతోపాటు విమానాశ్రయం పేరు కూడా చదవండి. 2023 మే 3న శంకుస్థాపన జరిగిన భోగాపురం విమానాశ్రయం, విశాఖ పాత విమానాశ్రయానికి 40 కిలోమీటర్లకు పైగా మన వైపున ఉన్నది. బండి ఒకచోట, బిడ్డ మరొకచోట కాకూడదు.

గనుక సమాధి కూడికకు విమానం దిగే గంటను కాదు, గుమ్మం చేరే గంటను లెక్కించండి. అవసరమైతే మరొక గంట ఆగుదాం. టెక్కలి దాటాడా అని మాటిమాటికీ ఫోను చేసి డ్రైవరును తొందరపెట్టవద్దు. ఇంటికి ఒక దుఃఖం చాలును.