గడప ముందు నిలిచిన బ్రహ్మచారి

జపాను నగరాలలో సాయంసమయాన సైకిళ్లపై జంటగా సాగిపోయే విదేశీ యువకులు అప్పుడప్పుడు కనిపిస్తుంటారు. తెల్లని చొక్కా, మెడకు టై, తలపై హెల్మెట్, వక్షఃస్థలంపై నల్లని నామఫలకం. వారు యాత్రికులు కారు, ఉద్యోగార్థులు కారు. అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ కేంద్రంగా గల 'యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము' పంపగా వచ్చిన ప్రచారకులు. లోకం వీరిని మోర్మన్లు అంటుంది. 1830లో జోసెఫ్ స్మిత్ స్థాపించిన ఈ సంఘానికి నేడు హైదరాబాదు, విశాఖపట్నం, రాజమహేంద్రవరాలలో సైతం సభలున్నాయి. భారతదేశంలో దాని తొలి 'స్టేక్' అనే ప్రాంతీయ మండలం 2012లో హైదరాబాదులోనే ఏర్పడింది. కనుక ఈ విచారణ తెలుగు ఆస్తికునికి దూరదేశపు వింత మాత్రమే కాదు.

ఇటువంటి యువకులను గురించి ఆస్తిక వర్గాలలో రెండు మాటలు వినబడుతుంటాయి. మొదటిది పరిహాసం: వీరు కంఠస్థం చేసిన పాఠాన్ని ఒప్పజెప్పే చిలుకలనీ, మతవ్యాపారానికి పంపబడిన విక్రేతలనీ. రెండవది అనుకరణ: వారు ఇంటింటికీ తిరుగుతుండగా హిందూ యువకులు ఎందుకు తిరగరాదు, వీరిని కూడా అట్లే పంపవలెననీ. ఈ రెండూ అవిచారం నుండి పుట్టినవే. పరిహసించేవారు ఆ యువకుని నియమాన్ని చూడరు. అనుకరింపజూచేవారు ఆ నియమానికి నిర్దేశింపబడిన లక్ష్యంలోని దోషాన్ని చూడరు.

ముందుగా నియమాన్ని చూడవలె. 2012లో ఈ సంఘం ప్రచారకుల కనిష్ఠ వయస్సును యువకులకు 19 నుండి 18కి, యువతులకు 21 నుండి 19కి తగ్గించింది. యువకుని సేవాకాలం 24 మాసాలు, యువతికి 18 మాసాలు. ఏ దేశానికి పోవలెనో ఎన్నుకొనే స్వాతంత్ర్యం ఎవరికీ లేదు. ఆజ్ఞాపత్రం వస్తుంది, పోవలసిందే. జీతం లేదు సరికదా, అమెరికా దేశపు యువకుడైతే అతడో అతని కుటుంబమో నెలకు 400 డాలర్లు, 2020 జూలై నుండి 500 డాలర్లు చెల్లించాలి. కొన్ని వారాల శిక్షణలో జపాను భాషను ఏదో కొంత నోటికి తెచ్చుకొని, పంతొమ్మిదేళ్ల ప్రాయంలో అతడు అపరిచిత నగరంలో దిగుతాడు.

అక్కడ ఉదయం ఆరున్నరకు నిద్ర లేవాలి. వ్యాయామం, ప్రార్థన, గ్రంథాధ్యయనం, సహచరునితో కలిసి అధ్యయనం, భాషాభ్యాసం. తదుపరి రాత్రి తొమ్మిది వరకు వీధులు, గడపలు, రైలు స్టేషన్ల ముంగిళ్లు. రాత్రి పదిన్నరకు దీపం ఆర్పాలి. సహచరుడు సదా కంటికి కనబడేంత దూరంలోనే ఉండాలి. స్నానాల గది తప్ప వేరొక ఏకాంతం లేదు. ఆ సహచరుని తాను ఎన్నుకోలేదు. కొన్ని వారాలకో కొన్ని మాసాలకో పై అధికారి అతనిని మార్చివేస్తాడు. చలనచిత్రాలు లేవు, స్త్రీసాంగత్యం లేదు. వారానికి ఒక్క దినం బట్టలు ఉతుక్కోవడానికి, సరుకులు తెచ్చుకోవడానికి, ఇంటికి ఉత్తరం వ్రాయడానికి విడిచిపెడతారు. 2019 ఫిబ్రవరి వరకు తల్లిదండ్రుల కంఠస్వరం వినే అవకాశం సంవత్సరానికి రెండే పర్యాయాలు: క్రిస్మస్ నాడు, మాతృదినోత్సవం నాడు. ఆ తరువాతనే వారానికొకసారి మాట్లాడేందుకు అనుమతి వచ్చింది.

దీనిని చిలుక పలుకు అని కొట్టివేయడం న్యాయమేనా? ఇంద్రియనిగ్రహం, నియతకాల నిద్రాజాగరణలు, స్వాధ్యాయం, మితవ్యయం, ఆజ్ఞాపాలనం. ఈ లక్షణాలను పేర్కొని ఇది ఏ ఆశ్రమమని అడిగితే, ధర్మశాస్త్రం తెలిసినవాడు సంకోచం లేకుండా బ్రహ్మచర్యాశ్రమమనే చెబుతాడు. పరిహసించే గృహస్థు తన ఇంటి బ్రహ్మచర్యం గతిని ఒక్కసారి పరికించవలె. అనేక గృహాలలో ఉపనయనం వివాహానికి ముందునాటి తంతుగా మిగిలింది. వటువు వెండి పళ్లెం పట్టుకొని భవతి భిక్షాం దేహి అంటాడు, కెమెరా వాడు మరొకసారి అనమంటాడు, మరొకసారి అంటాడు. మరునాటికి బ్రహ్మచారి వరుడవుతాడు. ఆశ్రమకాలం ఒక్క రాత్రి. త్రికాలసంధ్య మాట అటుంచి, ప్రాతఃసంధ్య ఒక మండలం పాటు విడువక చేసిన యువకులు ఒక బంధువర్గంలో ఎందరున్నారో వ్రేళ్లపై లెక్కింపవచ్చు. ఇంతటి దారిద్ర్యాన్ని ఇంట నుంచుకొని, రెండేళ్లు ఆరున్నరకు లేచే పరదేశపు పిల్లవానిని చూసి నవ్వడం అజ్ఞానం కాదు, నిర్లజ్జ.

ఇక రెండవ వాదం. నియమం ఇంత శ్రేష్ఠమైనదైతే, ఆ విధానాన్ని యథాతథంగా స్వీకరించి హిందూ యువకులను గడపగడపకూ పంపితే తప్పేమిటి? ఈ ప్రశ్నకు సమాధానం ఆ గడప వద్దనే ఉన్నది.

జపాను ఇంటి ద్వారం లోపల పాదరక్షలు విడిచే చిన్న స్థలం ఉంటుంది. దానిని గెన్కాన్ అంటారు. మోర్మన్ యువకుడు పెక్కుసార్లు అంతవరకు కూడా చేరలేడు. లోపలి నుండి మృదువైన స్వరంతో అక్కరలేదన్న మాట వినబడుతుంది, అంతే. ఎప్పుడో ఒక వృద్ధురాలు దయ తలచి లోనికి పిలిచి, అతిథిమర్యాదగా పచ్చ తేనీరు అందించిందనుకుందాం. అతడు దానిని స్వీకరింపరాదు. తేయాకుతో చేసిన ఏ పానీయమూ అతని సంఘనియమం ప్రకారం నిషిద్ధం. పచ్చ తేనీరు సైతం అందులో చేరినదేనని సంఘం 2019లో స్పష్టం చేసింది. బార్లీ గింజల కషాయమైతే త్రాగవచ్చు. ఆహారనియమం తప్పు కాదు. ఆచారపరుడైన ఏ హిందువూ దానిని ఆక్షేపింపలేడు. విచారింపవలసింది వేరొకటి. ఆ గృహిణి ఇవ్వగలిగినదానిని అతడు పుచ్చుకోడు, అతడు ఇవ్వవచ్చినదానిని ఆమె అడుగలేదు. ఆ గృహంలో బుత్సుదాన్ అనే పితృపీఠం ఉండవచ్చు. గతించిన పూర్వులకు సైతం దేవాలయంలో ప్రతినిధి ద్వారా బాప్తిస్మం ఇచ్చే సంఘం నుండి వచ్చినవాడతడు. పితరుల విషయమై ఆమెనుండి అతడు వినదగినది ఎంతో ఉంటుంది. కాని అతడు వచ్చినది వినడానికి కాదు, బోధించడానికి.

సనాతన ధర్మంలో కూడా బ్రహ్మచారి గడప ముందు నిలుస్తాడు. కాని అతడు నిలిచేది భిక్షకై. పిడికెడు బియ్యానికి పరుల ఇంటి ముందు చేయి చాచినప్పుడు కులగర్వం, విద్యాగర్వం, ధనగర్వం కరుగుతాయి. ఇచ్చిన గృహిణికి పుణ్యం, పుచ్చుకొన్నవానికి వినయం. జ్ఞానం ఆ దిశలో ప్రవహించదు. జ్ఞానం కావలసినవాడు సమిధలు చేతబూని శ్రోత్రియుడు, బ్రహ్మనిష్ఠుడు అయిన గురువును తానై వెదకికొని వెళ్లవలెనని ముండకోపనిషత్తు విధించింది. అన్నానికై శిష్యుడు గడపకు పోతాడు, జ్ఞానానికై జిజ్ఞాసువు గురువు వద్దకు పోతాడు. ప్రచారవిధానం ఈ క్రమాన్ని తలక్రిందులు చేసి, ఇంకా శిష్యదశలో ఉన్నవానిని గురుపీఠంపై కూర్చుండబెడుతుంది. పంతొమ్మిదేళ్ల మోర్మన్ ప్రచారకునికి సంఘమిచ్చే సంబోధన 'ఎల్డర్', అనగా పెద్ద. గడ్డం సరిగా మొలవని వయస్సున ఆ మాటను రొమ్ముపై ధరించి, డెబ్బదేళ్ల వృద్ధురాలికి జన్మమరణాల రహస్యం చెప్పవలసి రావడం ఆ యువకుని అపరాధం కాదు. అతనిని అట్లు నిలబెట్టిన వ్యవస్థ అపరాధం.

భగవద్గీత ఈ విషయంలో సందేహానికి తావివ్వదు. కర్మయందు ఆసక్తులైన అజ్ఞుల బుద్ధిని చెదరగొట్టరాదని, జ్ఞాని తాను ఆచరిస్తూ వారిచేత ఆచరింపజేయవలెనని మూడవ అధ్యాయంలో భగవానుడు శాసించాడు. పదునెనిమిదవ అధ్యాయం చివర, తపస్సు లేనివానికి, భక్తి లేనివానికి, వినగోరనివానికి ఈ శాస్త్రాన్ని చెప్పరాదన్నాడు. వినగోరడమనేది అర్హతలలో ఒకటి. తలుపు తట్టి బోధించేవాడు ఆ అర్హతను పరీక్షింపకుండానే ఆరంభిస్తాడు.

ఇక్కడ ఒక ఆక్షేపం రావచ్చు. రామానుజాచార్యులు తిరుక్కోట్టియూరు గోపురమెక్కి మంత్రార్థాన్ని అందరికీ చాటలేదా? భక్తివేదాంత స్వామి 1965లో, 69 ఏళ్ల వయస్సున, సరకు నౌకలో అమెరికా చేరి నామసంకీర్తనను వ్యాపింపజేయలేదా? నిజమే. కాని సంప్రదాయం చెప్పే కథలో రామానుజులు గోపురమెక్కి పిలిచారు, వినగోరినవారు గుమిగూడారు. భక్తివేదాంత స్వామి న్యూయార్కు ఉద్యానవనంలో చెట్టు క్రింద కూర్చుండి కీర్తించారు, ఆగినవారు ఆగారు. ఇద్దరూ దీర్ఘసాధన ముగించి నోరు విప్పినవారు. ఆ స్వామి స్థాపించిన ఉద్యమంలోనే తరువాతి కాలంలో విమానాశ్రయాలలో బాటసారులను నిలిపి పుస్తకాలు అంటగట్టే పద్ధతి వచ్చినప్పుడు విమర్శలు కూడా వచ్చాయి. దోషం ఏ మతం వారిది అన్నది కాదు ప్రశ్న. వినగోరనివానిని వెంబడించడం ఎవరు చేసినా దోషమే.

ఈ దోషం ముదిరితే ఏమవుతుందో మోర్మన్ చరిత్రయే చూపుతుంది. ప్రచారకుడు ప్రతివారం పై అధికారికి లెక్క సమర్పించాలి: ఎందరికి పాఠం చెప్పాడు, ఎందరు ఆరాధనకు వచ్చారు, ఎందరికి బాప్తిస్మ దినం నిర్ణయమైంది. 1960వ దశకం ఆరంభంలో బ్రిటన్‌లో ప్రచారకులు బాలురను బేస్‌బాల్ ఆటకు చేర్చి, ఆ ఆటతో పాటే బాప్తిస్మం ఇచ్చారు. ఆ బాలురలో పెక్కుమంది తాము ఏ మతంలో చేరామో ఎరుగరు. వారి పేర్లు తరువాత తొలగింపవలసి వచ్చింది. 1980 ప్రాంతంలో టోక్యోలోనూ తొందరపాటు బాప్తిస్మాలు జరిగి, చేరినవారిలో అధికులు నిలువలేదు. వీటిని విమర్శించి వ్రాసినవారిలో ఆ సంఘ సభ్యులే ఉన్నారు. జపసంఖ్య జపించేవాని చిత్తాన్ని కట్టివేయడానికి పుట్టింది. మనుష్యులను లెక్కించడం మొదలిడితే ఎదుటి మనిషి జీవుడుగా కనబడక ఫలంగా కనబడతాడు. ఫలాసక్తి యొక్క అత్యంత సూక్ష్మరూపం ఇదే, ఎందుకంటే ఇది పరోపకారమనే వస్త్రం ధరించి వస్తుంది.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ కూడా అదే చరిత్రలో ఉన్నది. 1901లో హీబర్ జె. గ్రాంట్ నాయకత్వాన నలుగురు ప్రచారకులు యోకొహామాలో దిగారు. వారిలో ఆల్మా టేలర్‌కు 19 ఏళ్లు. అతడు 1910 వరకు అక్కడే ఉండి, భాషను ఆమూలాగ్రం అభ్యసించి, స్థానిక సాహితీవేత్తల తోడ్పాటుతో మోర్మన్ గ్రంథాన్ని జపాను భాషలోకి తెచ్చాడు. అది 1909లో వెలువడింది. 1924 నాటికి ఆ దేశంలో సంఘంలో చేరినవారు రెండు వందలమంది కూడా లేరు. మిషన్‌ను తెరచిన గ్రాంటే సంఘాధ్యక్షుడై దానిని మూసివేశాడు. అది మరల తెరచుకొన్నది 1948లో. సంఖ్య దృష్ట్యా టేలర్ తొమ్మిదేళ్లు వ్యర్థం. సాధన దృష్ట్యా, ఒక పరభాష ముందు, ఒక పరజాతి ముందు తొమ్మిదేళ్లు విద్యార్థిగా కూర్చున్న యువకుని జీవితం వ్యర్థమని ఏ వేదాంతి అనగలడు? నేటి ప్రచారకుని విషయంలోనూ ఇంతే. రెండేళ్లలో వందలాది తలుపులు మూసుకొంటాయి. ఆ తిరస్కారాలను శాంతంగా భరించినవాడు తెలియకుండానే భిక్షువు పాఠం నేర్చుకొంటాడు. సంఖ్యలు చూపలేక, లేదా మనస్సు కుంగి, గడువు ముగియకముందే ఇంటికి చేరినవాడు మాత్రం తాను భగవంతునికే ద్రోహం చేశాననే భారాన్ని మోస్తాడు. ఫలంపై దృష్టి నిలిపిన తపస్సు తపస్విని దహించే తీరు ఇది.

కావున స్వీకరింపదగినది నియమం, వర్జింపదగినది ఆ లక్ష్యం. హిందూ గృహస్థు తన కుమారుని పరుల గడపకు పంపనక్కరలేదు. పదునెనిమిదేళ్ల వయస్సున రెండేళ్లపాటు, చదువు మానకుండానే, సూర్యోదయానికి పూర్వం లేపి, ఒక గంట స్వాధ్యాయం, రెండు సంధ్యలు, వారానికొక దినం దరిద్రనారాయణ సేవ విధిస్తే చాలును. తాను కూడా అతనితో పాటు లేవాలి. ఆచరింపని తండ్రి ఆజ్ఞకు బలం ఉండదు. అట్టి ఇంటి తలుపును ఏ పరదేశపు యువకులు తట్టినా భయం అక్కరలేదు, వాదం అక్కరలేదు. అతిథులను కూర్చుండబెట్టి, వారు త్రాగదగిన మంచినీళ్లో మజ్జిగో ఇచ్చి, తల్లిదండ్రుల క్షేమం అడగవచ్చు. వారిరువురూ ఆ దినమంతా వినని ప్రశ్న అదే కావచ్చు.

స్వస్తి.